40 వేల బడ్జెట్‌లో వీఆర్: ముందు ఆట తేల్చుకోండి, తర్వాతే హెడ్‌సెట్

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, 4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ, 16 జీబీ ర్యామ్, విండోస్ 11 24హెచ్2 ఉన్న ల్యాప్‌టాప్ మీ దగ్గర ఉంది. వీఆర్‌కి, అంటే కళ్లకి హెడ్‌సెట్ కట్టుకుని ఆడే వర్చువల్ రియాలిటీకి, 40 వేలు పెట్టగలరు. ఎవరో హెచ్‌పీ రెవర్బ్ జీ2 హెడ్‌సెట్‌ని సెకండ్ హ్యాండ్‌లో 14 వేలకు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా? ఆడేది మీరు, పన్నెండేళ్ల మీ బాబు. తల తిరుగుతుందా? ఆటలు ఎక్కడ చౌక?

బేరం ఇప్పటికే చేతిలో ఉంది కాబట్టి ముందు రెవర్బ్ సంగతి చెప్తాను. తీసుకోకండి. వస్తువు చెడ్డదని కాదు. 2020లో వచ్చిన ఆ హెడ్‌సెట్ తెర ఒక్కో కంటికి 2160×2160, ఇప్పటికీ మంచి స్పష్టతే. చిక్కంతా విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ అనే సాఫ్ట్‌వేర్‌తో. రెవర్బ్, లెనోవో ఎక్స్‌ప్లోరర్, సామ్‌సంగ్ ఒడిస్సీ, ఏసర్, డెల్ పాత హెడ్‌సెట్లు అన్నీ దానిమీదే నడుస్తాయి. దాన్ని ఆపేస్తున్నామని మైక్రోసాఫ్ట్ 2023 డిసెంబరులో చెప్పింది, విండోస్ 11 24హెచ్2లో పూర్తిగా తీసేసింది. అంటే మీ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే అది పలకదు. ఈ రకం హెడ్‌సెట్లు అంత చౌకగా అమ్మకానికి రావడానికి అసలు కారణం ఇదే. ఎన్‌విడియా కార్డులతో మాత్రమే పనిచేసే ఒయాసిస్ అనే ఉచిత డ్రైవర్ పీసీ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో ఉంది, దానితో వీటిని మళ్లీ నడుపుకోవచ్చు. కానీ రెవర్బ్‌కి గ్రాఫిక్స్ కార్డు నుంచి నేరుగా వచ్చే డిస్‌ప్లేపోర్ట్, అంటే తెరకి బొమ్మ పంపే పోర్టు, కావాలి. ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ పోర్టే ఉండదు. యూఎస్‌బీ-సీ ద్వారా బొమ్మ వచ్చినా, అది ప్రాసెసర్‌లోని ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ నుంచి వస్తుంది తప్ప 3050 నుంచి రాకపోవచ్చు. దీనికితోడు ఆ హెడ్‌సెట్ ఆరు మీటర్ల కేబుల్ పాడైతే కొత్తది దొరకడం కష్టం. డెస్క్‌టాప్ ఉండి, అందులో మంచి ఎన్‌విడియా కార్డు ఉండి, కారు పందాలు, విమానాల సిమ్యులేటర్లు మాత్రమే ఆడేవాళ్లకైతే ఆ ధర బాగుందనేవాణ్ని. మీకు కాదు.

ఇదే వరుసలో మరికొన్ని చౌక బేరాలు కూడా మీ కంట పడతాయి. ఫోను పెట్టుకునే డబ్బాలు, 2023లో 1,299 రూపాయలకు వచ్చిన జియోడైవ్ సహా, తల ఎటు తిప్పారో మాత్రమే గుర్తిస్తాయి. మీరు ముందుకు వంగినా, పక్కకి జరిగినా వాటికి తెలియదు, చేతులైతే అసలు కనిపించవు. క్రికెట్ మ్యాచ్ పెద్ద తెరలా చూడటానికి సరే, ఆటలకి పనికిరావు. ఆక్యులస్ గో అనే పాత హెడ్‌సెట్ కూడా ఇదే కోవ. ఆక్యులస్ రిఫ్ట్ సీవీ1కి కేబుల్ పాడైతే కొత్తది దొరకదు. మెటా కంపెనీ క్వెస్ట్ హెడ్‌సెట్‌లలో మొదటి తరం, అంటే 2019 నాటిది, కొత్త ఆటలకి దూరమైపోయింది. ఇవేవీ ఎంత తక్కువకి వచ్చినా వద్దు. మాల్స్‌లో ఊగే కుర్చీలో కూర్చోబెట్టి చూపించే రైడ్‌లనుబట్టి వీఆర్ ఇంతే అని తేల్చుకోవద్దని కూడా చెప్పాలి. అక్కడ నడిచేది ముందే తీసిపెట్టిన వీడియో, మీ కదలికతో దానికి సంబంధం ఉండదు. కడుపులో తిప్పడానికి అంతకంటే మంచి మార్గం లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల గంటకింత అని తీసుకుని నిలబడి ఆడనిచ్చే వీఆర్ కేంద్రాలు ఉంటే, కొనేముందు బాబునీ తీసుకుని ఒక అరగంట అక్కడ ఆడి రండి.

ఇక అసలు నిర్ణయం. వీఆర్ ఆటలు రెండు చోట్ల నడుస్తాయి. ఒకటి హెడ్‌సెట్‌లోనే, పీసీ లేకుండా. రెండోది పీసీలో నడిచి, బొమ్మ మాత్రం హెడ్‌సెట్‌కి చేరేది. మీ 3050 రెండో దారికి అంచున ఉంది. హాఫ్-లైఫ్: అలిక్స్ అనే వీఆర్ ఆట కనీస అవసరాల్లోనే దాన్ని చేసిన వాల్వ్ కంపెనీ రాసింది 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 లేదా ఆర్ఎక్స్ 580, 6 జీబీ గ్రాఫిక్స్ మెమరీ అని. మీ కార్డు వేగం 1060కి తీసిపోదు. ఇబ్బంది మెమరీతో. రెండు కళ్లకి రెండు బొమ్మలు, వాటిని వీడియోగా మార్చే పని, ఆట టెక్స్చర్లు (వస్తువుల మీద పరిచే బొమ్మలు) అన్నీ కలిపి 4 జీబీ దాటగానే డేటా ర్యామ్‌లోకి పోతుంది, అక్కడి నుంచి తెచ్చుకునేలోపు ఒక్క క్షణం బొమ్మ ఆగుతుంది. మామూలు తెరమీద అది చిన్న కుదుపు. కళ్లకి కట్టుకున్న తెరమీద అదే వికారం. అందుకని మీరు కొనే హెడ్‌సెట్ పీసీ లేకుండా కూడా పూర్తిగా ఆడదగ్గది కావాలి, పీసీ ఆటలు అదనం కావాలి. ఆ లెక్కన మీకు తగినది మెటా క్వెస్ట్ 3ఎస్, 128 జీబీ.

3ఎస్ 2024 అక్టోబరులో 299 డాలర్లకి వచ్చింది. అందులోని స్నాప్‌డ్రాగన్ ఎక్స్ఆర్2 జెన్ 2 చిప్పు, 8 జీబీ ర్యామ్ ఖరీదైన క్వెస్ట్ 3లో ఉన్నవే. కాబట్టి క్వెస్ట్ 3లో నడిచే ఆట ఇందులోనూ నడుస్తుంది. తగ్గించింది అద్దాల దగ్గర, తెర దగ్గర. క్వెస్ట్ 3లో పలుచని పాన్‌కేక్ లెన్సులు, ఒక్కో కంటికి 2064×2208. 3ఎస్‌లో పాతరకం ఫ్రెనెల్ లెన్సులు, 1832×1920. ఫ్రెనెల్‌లో మధ్యలో స్పష్టంగా, అంచుల్లో కాస్త మసకగా ఉంటుంది. నల్లటి నేపథ్యంలో తెల్లటి అక్షరాలు వస్తే వాటి చుట్టూ వెలుగు చారలు కనిపిస్తాయి. పరిగెత్తే ఆటల్లో ఇది పట్టదు. సినిమాలు చూడటానికో, పీసీ తెరని పెద్దగా పెట్టుకుని చదవడానికో కొనేవాళ్లు మాత్రం క్వెస్ట్ 3కే పోవాలి. ఇంకో తేడా, 3ఎస్‌లో 3.5 ఎంఎం ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు, యూఎస్‌బీ-సీ ఇయర్‌ఫోన్లు కావాలి.

128 జీబీ సరిపోతుందా అని అందరూ అడుగుతారు. పెద్ద ఆటలు ఒక్కొక్కటి 20 జీబీ పైన తింటాయి. మెమరీ కార్డు పెట్టుకునే వీలు లేదు. అయినా ఒకేసారి ఆడేది రెండు మూడు ఆటలే, తీసేసినవాటిని మళ్లీ ఉచితంగా దించుకోవచ్చు. ఎక్కువ నిల్వకి పెట్టే డబ్బుని మీ విషయంలో మంచి రూటర్‌కి పెట్టడం మేలు.

ఇక్కడ ఆన్‌లైన్‌లో దొరికే క్వెస్ట్‌లలో చాలా భాగం అమ్మకందార్లు బయట దేశాల నుంచి తెప్పించినవే, కాబట్టి అమెరికా ధరని డాలరు లెక్కన రూపాయల్లోకి మార్చి చూసుకుంటే నిరాశే మిగులుతుంది. పోల్చాల్సింది అమ్మకందారు ఇచ్చే భరోసాని. వారంటీ కంపెనీదా, దుకాణందా? దుకాణందైతే ఎన్ని నెలలు, రిపేరా, మార్పిడా? జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు ఉంటుందా? ఈ మూడింటికీ రాతలో జవాబు రాకపోతే రెండు వేలు తక్కువైనా వదిలేయండి. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో చుట్టాలు వస్తుంటే వాళ్లచేత తెప్పించుకోవడం మనవాళ్లకి అలవాటైన దారి. అది చౌకే. కానీ బిల్లు వెంట తెమ్మనండి, ఆ సమయానికి ఉన్న కస్టమ్స్ మినహాయింపు చూసుకోండి, పాడైతే మళ్లీ అమెరికా పంపాల్సి వస్తుందని మనసులో పెట్టుకోండి. చార్జర్ మీద 100–240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చే అడాప్టర్ చాలు. నవంబరు చివర బ్లాక్ ఫ్రైడే వారంలో అక్కడ తగ్గింపులు దాదాపు ప్రతి ఏడాదీ ఉంటాయి, హెడ్‌సెట్‌తో ఒకటి రెండు ఆటలు కలిపి ఇవ్వడమూ కద్దు.

క్వెస్ట్ 2 సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతుంది. పీసీ ఆటలు వైర్‌లెస్‌గా ఆడటానికి ఇప్పటికీ పనికొస్తుంది. కానీ బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ షాడో లాంటివి క్వెస్ట్ 3, 3ఎస్‌లకే వచ్చాయి, ఇకమీదట వచ్చేవాటిలో ఇది పెరుగుతుంది తప్ప తగ్గదు. కొత్త 3ఎస్ ధరలో సగానికి లోపు వస్తేనే క్వెస్ట్ 2 గురించి ఆలోచించండి. సోనీ పీఎస్5 గేమ్ కన్సోల్ ఉన్న ఇల్లయితే దాని హెడ్‌సెట్ పీఎస్ వీఆర్2 వేరే లెక్క, గ్రాన్ టూరిజ్మో 7 కారు పందాల ఆట దాదాపు మొత్తం అందులో వీఆర్‌లో ఆడొచ్చు. మీకు పీఎస్5 లేదు. పీసీకి తగిలించే అడాప్టర్ 2024 ఆగస్టులో వచ్చినా, దానికీ డిస్‌ప్లేపోర్టే కావాలి.

సెకండ్ హ్యాండ్ ఏది తీసుకున్నా కొరియర్‌లో తెప్పించుకోవద్దు, చేతిలోకి తీసుకుని చూడాలి. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఎండ దెబ్బ. ఆ లెన్సులు భూతద్దాల్లాంటివే. కిటికీ దగ్గర లెన్సు పైకి పెట్టి కొద్దిసేపు వదిలేస్తే చాలు, ఎండ ఒక చుక్కగా తెరమీద పడి కాల్చేస్తుంది. మన ఎండలకి ఎంతోసేపు పట్టదు. తెల్లటి తెర ఏదైనా తెరిచి, ఒక్కో కన్ను మూసి చూస్తూ పసుపు, గోధుమ, బూడిద రంగు మచ్చ ఉందేమో వెతకండి. తర్వాత నల్లటి తెర పెట్టి వెలిగే చుక్కలు వెతకండి. ఫోను టార్చిని పక్కవాటుగా వేసి లెన్సు గీతలు చూడండి, కళ్లజోడు పెట్టుకుని ఆడినవాళ్ల హెడ్‌సెట్‌లో ఇవి సాధారణం, బాగుచేయడం కుదరదు. కంట్రోలర్ బ్యాటరీ మూతలు తీసి పచ్చటి చిలుము ఉందేమో చూడండి. మెనూలో ఏమీ తాకకుండా చేయి ఆపితే పేజీ దానంతటదే జరుగుతుంటే కంట్రోలర్ మీది స్టిక్ అరిగినట్టు. చార్జింగ్ కేబుల్ పెట్టి కదిపినా చార్జింగ్ ఆగకూడదు. పావుగంట ఆట ఆడి బ్యాటరీ ఎంత తగ్గిందో చూడండి, 15 శాతం దాటి పడిపోతే బ్యాటరీ ముసలిదైందని లెక్క. చివరగా, అమ్మేవాళ్లు తమ ఖాతా నుంచి ఆ పరికరాన్ని తీసేయాలి, మీ ముందే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఆపేసి ఉన్నప్పుడు పవర్, వాల్యూమ్ తగ్గించే మీటలు కలిపి నొక్కిపెడితే ఆ మెనూ వస్తుంది. మీ ఫోను హాట్‌స్పాట్‌తో మీ ఖాతాకి జతపడి, అప్‌డేట్ పూర్తయి, హోమ్ తెర వచ్చాకే డబ్బు ఇవ్వండి. ఇంటికెళ్లి చేసుకోండి అంటే వద్దనేయండి.

హెడ్‌సెట్ మీదే మొత్తం ఖర్చుపెట్టకుండా ఐదారు వేలు పక్కన పెట్టుకోండి. కంట్రోలర్లకి ఒక్కొక్కదానికి ఒక ఏఏ బ్యాటరీ కావాలి, నాలుగు రీచార్జబుల్ సెల్లులూ ఒక చార్జరూ కొనండి. ఈ సెల్లులు 1.2 వోల్టులవి కాబట్టి మీటరు కాస్త తక్కువ చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. పెట్టెలో వచ్చే గుడ్డ పట్టీతో 500 గ్రాములు దాటిన బరువంతా బుగ్గల మీద పడుతుంది, తలవెనక గట్టి ఆనుకునే పట్టీ పెడితే ఆడే సమయం రెట్టింపవుతుంది. బ్యాటరీ రెండు, రెండున్నర గంటలకి మించి రాదు. వెనక పట్టీకి చిన్న పవర్ బ్యాంకు కట్టుకుంటే అది చార్జింగూ ఇస్తుంది, ముందు బరువుకి సమతూకమూ అవుతుంది. చెమటకి సిలికాన్ తొడుగు వేసుకోండి, ఇద్దరు ఆడే ఇంట్లో అది తప్పనిసరి.

పీసీ ఆటల్ని వైర్‌లెస్‌గా నడపడంలో ఎక్కువమంది దెబ్బతినేది ఒకే చోట. మీ ఇంటర్నెట్ ప్లాను 40 ఎంబీపీఎస్ అయినా, 1 జీబీపీఎస్ అయినా ఇక్కడ తేడా రాదు. బొమ్మ ల్యాప్‌టాప్ నుంచి రూటర్‌కి, రూటర్ నుంచి హెడ్‌సెట్‌కి పోతుంది, ఇంటి బయటికి పోదు. కాబట్టి ల్యాప్‌టాప్‌ని రూటర్‌కి కేబుల్‌తో కలపాలి, రూటర్ ఆడే గదిలోనే ఉండాలి. రెండూ వైఫై మీద ఉంటే ఒకే గాలిని రెండుసార్లు వాడుకున్నట్టు, కుదుపులు ఖాయం.

కేబుల్ పెట్టాక విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000/1000 ఉండాలి. 100/100 అని ఉంటే మూడు కారణాల్లో ఒకటి: ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటర్‌లో 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉండటం, ల్యాప్‌టాప్ పోర్టే అంతది కావడం, లేదా కేబుల్‌లో ఎనిమిది తీగల్లో ఒకటి తెగడం. వీఆర్ బొమ్మకే 100 నుంచి 200 ఎంబీపీఎస్ కావాలి, అందుకని ఆ పోర్టుతో ఎప్పటికీ సాఫీగా రాదు. కేబుల్ క్యాట్ 6ది తీసుకోండి. ల్యాప్‌టాప్‌కి పోర్టు లేకపోతే యూఎస్‌బీ 3 నుంచి గిగాబిట్ ఈథర్నెట్ ఇచ్చే అడాప్టర్ చాలు. రూటర్ సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టండి, చానల్ 36 నుంచి 48 మధ్య, వెడల్పు 80 మెగాహెర్ట్జ్. ఆ పేరుకి హెడ్‌సెట్ ఒక్కటే కలవాలి, ఫోన్లు, టీవీ 2.4 గిగాహెర్ట్జ్ మీదకి పంపండి. హెడ్‌సెట్‌లో వైఫై వివరాలు తెరిస్తే వైఫై 5 రూటర్ అయితే 866, వైఫై 6 అయితే 1200 ప్రాంతంలో వేగం కనిపించాలి. 400 దగ్గర ఆగితే వెడల్పు 40కి పడిపోయిందని అర్థం.

సాఫ్ట్‌వేర్‌కి మొదట డబ్బు పెట్టకండి. ల్యాప్‌టాప్‌లో స్టీమ్, స్టీమ్‌వీఆర్, హెడ్‌సెట్‌లో స్టీమ్ లింక్ పెట్టుకుంటే పని అయిపోతుంది, మూడూ ఉచితమే. సర్దుబాట్లు ఎక్కువ కావాలంటే వర్చువల్ డెస్క్‌టాప్ అనే యాప్ కొనుక్కోవచ్చు. అందులో మీ కార్డుకి అన్నిటికంటే కింది నాణ్యత, పొటాటో (Potato) లేదా లో (Low), ఎంచుకోండి. మీరు హెడ్‌సెట్‌ని 72 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 72 బొమ్మల వేగంలో, పెట్టాలి. అప్పుడు ఒక్కో బొమ్మకి కార్డుకి 13.9 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 90లో 11.1, 120లో 8.3 మాత్రమే. స్టీమ్‌వీఆర్‌లో రెండర్ రిజల్యూషన్‌ని కస్టమ్ చేసి 60–70 శాతం నుంచి మొదలుపెట్టి, ఆటలో టెక్స్చర్లని Low నాణ్యతలో పెట్టి, సాఫీగా ఉంటే పది పది శాతం పెంచుకుంటూ పోండి. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టి ఉండాలి, బ్యాటరీ మీద కార్డు సగం శక్తితోనే నడుస్తుంది. బ్రౌజర్ ట్యాబులు మూసేయండి, అవి కూడా గ్రాఫిక్స్ మెమరీ తింటాయి.

కుదుపు వస్తే తప్పు ఎక్కడో బొమ్మే చెప్తుంది. తల తిప్పినప్పుడు అంచుల్లో నల్లటి పట్టీ కనిపిస్తే బొమ్మ సమయానికి అందడం లేదని, ఆట బరువైనప్పుడల్లా వస్తే కార్డు, ఎప్పుడు పడితే అప్పుడు వస్తే వైఫై. బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతే బిట్‌రేట్, అంటే సెకనుకి పంపే డేటా, తక్కువని. అంతా సాఫీగా ఉండి చేతులు మాత్రం వణికితే అది నెట్‌వర్క్ కాదు, గది వెలుతురు.

వెలుతురు గురించి మన ఇళ్లకి సంబంధించి ఒకటి రెండు విషయాలు. హెడ్‌సెట్ కెమెరాలతో గదిని చూసి తన చోటు తెలుసుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని బల్బులు దానికి తగ్గట్టు మినుకుతాయి. సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీని ఆటో నుంచి 50కి మార్చితే చాలా ఇళ్లలో వణుకు పోతుంది. నాలుగు గోడలూ ఖాళీగా తెల్లగా ఉంటే పట్టుకోవడానికి దానికి గుర్తులుండవు, క్యాలెండరో పటమో ఉంటే మేలు. నిలువుటద్దం మీద గుడ్డ కప్పండి. రాత్రి లైట్లు ఆపేసి ఆడాలనుకోకండి.

ఆడే చోటు రెండు మీటర్లు బై రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగుల చదరం, ఖాళీగా కావాలి. కింద గీత గీయడం హెడ్‌సెట్ చేయిస్తుంది, పైన ఏముందో మాత్రం అది చూడదు. సీలింగ్ ఫ్యాన్ కింద ఆడకండి. ఆరడుగుల మనిషి చెయ్యి ఎత్తితే ఏడున్నర అడుగులు దాటుతుంది, పాటకి తగ్గట్టు కత్తులు ఊపే బీట్ సేబర్ ఆటలో చేతులు పైకే పోతాయి. మంచం జరపడం కుదరకపోతే ఆ సేపటికి ఫ్యాన్ ఆపి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. గాలి ఎటునుంచి వస్తోందో ఒంటికి తెలుస్తుంటే ఏ దిక్కుకి తిరిగి ఉన్నారో గుర్తుంటుంది, వికారమూ తగ్గుతుంది. మణికట్టు తాడు వేసుకోకుండా కంట్రోలర్ పట్టుకోనివ్వద్దు, టీవీలు పగిలేది ఆ నిర్లక్ష్యంతోనే.

తల తిరగడం మీ అసలు భయం కాబట్టి దాని మూలం చెప్తాను. కళ్లు కదులుతున్నామంటాయి, లోపలి చెవి లేదంటుంది, ఆ రెండిటి మధ్య తగవే వికారం. మీ కాళ్లతో నడిచినప్పుడే కదిలే ఆటల్లో తగవు లేదు. స్టిక్ నొక్కితే జారిపోయే ఆటల్లో ఉంది. కాబట్టి మొదటి రెండు వారాలు బీట్ సేబర్, ఎలెవెన్ టేబుల్ టెన్నిస్, వాకబౌట్ మినీ గోల్ఫ్, సూపర్‌హాట్ వీఆర్, జాబ్ సిమ్యులేటర్ లాంటివే. తర్వాత పిస్టల్ విప్, మాస్. ఆ తర్వాతే బ్యాట్‌మ్యాన్, అలిక్స్. అలిక్స్‌లో నడక పద్ధతిని బ్లింక్‌లో పెట్టుకుంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఒక్కసారిగా చేరతారు, జారడం ఉండదు. తిరగడానికి ప్రతి ఆటలోనూ స్నాప్ టర్న్, అంటే మెల్లగా కాక ఒక్కసారిగా పక్కకి తిరిగే పద్ధతి, పెట్టుకోండి. కార్లు, విమానాలు కూర్చుని ఆడేవే అయినా తేలిక అనుకోవద్దు, కొత్తవాళ్లని ముందు పడగొట్టేవి అవే. మెటా స్టోర్‌లో ప్రతి ఆటకీ హాయి, మధ్యస్తం, తీవ్రం అని మూడు స్థాయులుంటాయి, కొనేముందు అది చూడండి.

మొదటి రోజుల్లో పదిహేను నిమిషాలు. నుదుటి మీద చెమట, ఆవులింత, నోట్లో నీళ్లు ఊరడం మొదటి గుర్తులు. అప్పుడే తీసేయాలి. ఓర్చుకుని ఆడితే అలవాటవుతుందన్న మాట నమ్మకండి, ఒంటికి అలవాటయ్యేది వికారమే, తర్వాత హెడ్‌సెట్ వాసనకే కడుపు తిప్పుతుంది. భోంచేసిన వెంటనే వద్దు.

లెన్సుల మధ్య దూరం సరిపోకపోయినా తలనొప్పి వస్తుంది. 3ఎస్‌లో 58, 63, 68 మిల్లీమీటర్లు అని మూడే స్థానాలు. కళ్లజోడు చీటీలో పీడీ అని ఉండేది అదే అంకె, లేకపోతే అద్దం ముందు నిలబడి మిల్లీమీటర్ల స్కేలుతో ఒక కంటిపాప మధ్య నుంచి ఇంకో కంటిపాప మధ్యకి కొలవండి. మీకూ బాబుకీ వేర్వేరుగా ఉంటుంది, మార్చుకున్న ప్రతిసారీ జరపాలి. కొలత 53కో 73కో ఉంటే 3ఎస్ కాదు, చక్రంతో 53 నుంచి 75 దాకా జరిగే క్వెస్ట్ 3 చూడండి. బాబుకి పన్నెండేళ్లు కాబట్టి మీ ఖాతా కింద తల్లిదండ్రుల అదుపులో ఉండే ఖాతా తెరవాలి, మెటా దాన్ని పదేళ్ల నుంచి అనుమతిస్తుంది. అపరిచితులతో మాటలు ఆపండి, రోజుకి అరగంట పరిమితి పెట్టండి. గొరిల్లా ట్యాగ్ ఉచితం, వాడి స్నేహితులంతా అదే ఆడుతుండొచ్చు, కానీ అందులో గొంతులు వినిపించేవి చాలావరకు ముక్కూమొహం తెలియనివాళ్లవి, పైగా కదలిక తీవ్రం. మొదటి నెల ఆపండి.

ఇక ఆటల ఖర్చు. ఒక్క నియమం పెట్టుకోండి: పీసీ లేకుండా ఆడాలనుకునేది మెటా స్టోర్‌లో, రేపు హెడ్‌సెట్ మారినా మిగలాలనుకునేది స్టీమ్‌లో. బీట్ సేబర్ స్టీమ్‌లో కొంటే ప్రతిసారీ ల్యాప్‌టాప్ తెరవాలి, అది మెటాలోనే కొనాలి, దానికి ఉచిత డెమో కూడా ఉంది. అలిక్స్ స్టీమ్‌లోనే దొరుకుతుంది. నో మ్యాన్స్ స్కై, అసెట్టో కోర్సా, డర్ట్ ర్యాలీ 2.0 లాంటివి మామూలు తెరమీదా వీఆర్‌లోనూ ఒకే ధరకి ఆడొచ్చు, కార్డు మార్చుకున్నాక కూడా అవే పనికొస్తాయి. వాల్వ్ ఇచ్చిన ద ల్యాబ్, గూగుల్ ఎర్త్ వీఆర్ స్టీమ్‌లో ఉచితం, చుట్టాలకి చూపించడానికి వాటికి మించినవి లేవు. క్రికెట్ కావాలంటే హైదరాబాద్‌లోని ప్రోయుగ సంస్థ చేసిన ఐబీ క్రికెట్ చూడండి, నిలబడి బ్యాటింగ్ చేసే ఆట కాబట్టి తల తిరగదు. బ్యాటు ఊపేటప్పుడు మాత్రం పక్కన ఎవరూ ఉండకూడదు.

స్టీమ్‌లో మనకి ధరలు రూపాయల్లో ఉంటాయి, యూపీఐతో కట్టొచ్చు. ఏడాదిలో నాలుగు కాలాలకీ పెద్ద సేల్స్ ఉంటాయి. విష్‌లిస్ట్‌లో పెట్టి, పాత ధరలు చూపించే స్టీమ్‌డీబీ సైట్‌లో ఆ ఆట మన రూపాయల్లో ఇప్పటిదాకా ఎంత కనిష్ఠానికి పడిందో చూసి, ఆ దరిదాపులకి వస్తేనే కొనండి. అలిక్స్ సగానికి పైగా తగ్గిన సందర్భాలు చాలా ఉన్నాయి, పూర్తి ధర పెట్టే పనిలేదు. ఎపిక్ స్టోర్ ప్రతి గురువారం రాత్రి ఉచిత ఆట ఇస్తుంది, మన సమయం ఎనిమిదిన్నర, అమెరికాలో గడియారం వెనక్కి జరిపే చలికాలం నెలల్లో తొమ్మిదిన్నర. అవి చాలావరకు వీఆర్ కావు, ల్యాప్‌టాప్‌లో ఆడుకోవడానికి బావుంటాయి. వీపీఎన్ పెట్టి వేరే దేశం ధరకి కొనడం, ఎక్కడివో తెలియని ఆట కోడ్‌లు (కీలు) కొనడం వద్దు. ఖాతాయే పోతే కొన్న ఆటలన్నీ పోతాయి.

రెండు స్టోర్లలోనూ వాపసు నియమం ఒకటే: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు ఉంటే డబ్బు వెనక్కి వస్తుంది. వీఆర్‌లో దీన్ని కచ్చితంగా వాడుకోవాలి, ఎందుకంటే ఒక ఆట మీ ఒంటికి పడుతుందో లేదో వీడియో చూస్తే తెలియదు. కొన్న రోజే అరగంట ఆడండి. సెట్టింగులు సర్దుకునే సమయం కూడా ఆ రెండు గంటల్లోకే వస్తుంది, కాబట్టి నెట్‌వర్క్ పరీక్షలన్నీ ద ల్యాబ్ లాంటి ఉచిత ఆటతో ముందే పూర్తిచేసుకోండి.

ఆడటం అయ్యాక లెన్సుల్ని పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవండి. కళ్లజోడుకి వాడే ద్రవం, శానిటైజర్ తగిలితే పైపూత పోతుంది. ఏసీ గదిలో చల్లబడ్డ హెడ్‌సెట్ ముఖానికి పెట్టగానే మసకేస్తుంది, రెండు నిమిషాలు ఆన్‌చేసి ఉంచితే దానంతటదే పోతుంది. కారులో వదలకండి, కిటికీ దగ్గర పెట్టకండి, లెన్సుల మీద గుడ్డ కప్పి అలమరలో పెట్టండి.

మీ ల్యాప్‌టాప్ మోడల్ నంబరు, ఇంట్లో ఉన్న రూటర్ పేరు రాయండి. పోర్టు గిగాబిట్‌దో కాదో చూసి, రూటర్ మార్చాలా అక్కర్లేదా చెప్తాను. అప్పటిదాకా హెడ్‌సెట్‌కి డబ్బు కట్టకండి.